చిన్న అక్షరాల చికోరీ

ప్రెస్సు మేడ మీద గది,
సోమవారం.

చెల్లాయికి,

దొంగవి నువ్వే. పక్కకి చూడకు, ఈ మాట నీకే. కొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఈ కాగితం చదువుతున్న నిన్నే అంటున్నాను. కల్తీ చేశావు. అదీ ఎవరికి? బుద్ధెరిగిన నాటి నుంచి కల్తీ మీద యుద్ధం చేస్తున్న సొంత అన్నకి.

ఏం జరిగిందో చెప్తాను, విని సిగ్గుపడు. నిన్న మా వినియోగదారుల సంఘం తరఫున పఠనాలయంలో సభ పెట్టాను. విషయం: కాఫీపొడిలో కల్తీ. బల్ల మీద వరసగా గాజుగ్లాసులు, వాటినిండా చన్నీళ్లు. బజారులో దొరికే పొడులన్నీ తెప్పించాను. నీళ్ల మీద చల్లితే కాఫీ తేలుతుంది, చికోరీ మునుగుతుంది, మునుగుతూ గోధుమరంగు తోకలు వదులుతుంది. పసిపిల్లలకైనా అర్థమయ్యే పరీక్ష. అన్నిటికీ కొలమానంగా, స్వచ్ఛతకి నిలువుటద్దంగా చివరి గ్లాసు ముందు ఏ పొట్లం పెట్టానో తెలుసా? నువ్వు నెల నెలా పంపే పొట్లం. "ఇది మా నాన్నగారి కొట్టు పొడి. పాలు మానిన దగ్గర్నుంచి ఇదే తాగుతున్నాను. కాఫీ అంటే ఇదీ!" అని గొంతెత్తి చెప్పి, చెంచాడు చల్లాను.

అందరికంటే ముందు మునిగింది నీదే. తోకలా అవి? జడలు! మందులషాపాయన లేచి, "ప్రెసిడెంటుగారూ, మీ నిలువుటద్దం కరిగిపోతోందండీ" అన్నాడు. వెనక బెంచీలు విరగబడి నవ్వాయి. ముందు వరసలో కూర్చుని మీ వదిన కూడా నవ్వింది.

సభ నుంచి తిన్నగా ప్రెస్సుకొచ్చి కరపత్రం అచ్చేశాను. పేరు, 'మీ కప్పులో ఉన్నది కాఫీయేనా?' చికోరీ అంటే పేదవాడి నోట్లో కొట్టే మట్టి అని రాశాను. నీ కొట్టు పేరు వెయ్యలేదు. అది నా పెద్దమనసు. మీ ఊళ్లో మా సంఘం వాళ్లకి ఓ కట్ట పంపాను. అది నా నిజాయితీ.

ఇకమీదట నాకు అసలైన కాఫీ పంపు. అది నీ చేతిలో ఉంటే.

నీ అన్నయ్య


కొట్టు, గల్లాపెట్టె దగ్గర,
శనివారం.

అన్నయ్యకి,

కళ్లజోడు ముక్కు చివర ఉన్న మాట నిజమే. మిగతాదంతా నీ నోటిదూల. ఫోను చేసి కడిగేద్దామనుకున్నాను. కానీ ఫోనులో నువ్వు ఎదుటి మనిషిని 'హలో' తర్వాత మాట్లాడనివ్వవు. కాగితం అయితే నోరెత్తకుండా చదవాలి కదా, చదువు.

ముందు ఆ పొట్లం తిరగేసి చూడు. వెనకవైపు, అడుగున, అతుకు పక్కన. భూతద్దం నీ దగ్గర ఉంది, ప్రూఫులు దిద్దేది. 'కాఫీ, చికోరీ మిశ్రమం' అని ఉందా? అచ్చువేసింది ఎవరు? మా పొట్లాలన్నీ నీ ప్రెస్సు నుంచే కదా వస్తాయి మహానుభావా!

నాన్న రోజుల్లో ఆ మాట పొట్లం ముందువైపు బొటనవేలంత అక్షరాల్లో ఉండేది. నువ్వు ప్రెస్సు పెట్టాక, పొట్లం మీద 'కొనేవాడా, కళ్లు తెరువు!' అన్న నినాదం వెయ్యాల్సిందేనని పట్టుబట్టావు. చోటు చాల్లేదు. అప్పుడు చికోరీ లైనుని వెనక్కి నెట్టి, చీమకాళ్లంత చేసింది ఎవరు? నేను వద్దు వద్దంటుంటే, "అది ఎవడు చదువుతాడే, నినాదం చదువుతారు గానీ" అన్నది ఎవరు? నిజమే అన్నయ్యా. ఎవడూ చదవలేదు. నువ్వూ చదవలేదు.

ఇంక మట్టి సంగతి. తాత ఈ కొట్టు పెట్టింది యుద్ధం రోజుల్లో. రైళ్లన్నీ సైన్యం సరుకుకే పోయి గింజలు రాలేదు. చికోరీ దుంపలు తరిగి, ఎండబెట్టి, మాడ్చి, ఉన్న కాస్త కాఫీలో కలిపాడు. యుద్ధం అయిపోయింది, గింజలొచ్చాయి, చికోరీ మానేశాడు. వారం తిరక్కుండా జనం కొట్టు మీదకొచ్చారు. "ఏంటయ్యా ఇది, కాఫీ ఇమ్మంటే కడుగునీళ్లు ఇచ్చావు" అని. అప్పట్నుంచీ మన వైపు జనానికి చిక్కదనం అంటే అదే, రంగు అంటే అదే, చివర్న నాలుక మీద మాడిన చక్కెరలా నిలిచే ఆ చేదు అంటే అదే. వాళ్లకి తెలిసే తాగుతున్నారు. తెలియకుండా తాగింది నువ్వొక్కడివే.

నువ్వూ కొట్లో పెరిగినవాడివే గానీ ముందు వసారా దాటి రాలేదు. ముందు మీ బావ, మగ పనివాళ్లు వీధివైపు డ్రమ్ములో కాఫీగింజలు వేయిస్తారు, దారినపోయేవాళ్లు వాసనకి ఆగడానికి. వెనక షెడ్డులో, నాన్న రోజుల నుంచీ ఆ పొగలోనే ఉన్న పొగక్క, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు చికోరీ వేయిస్తారు. ఆ పొగ వీధిలోకి రాకూడదని నాన్న కట్టిన గోడ ఇప్పటికీ ఉంది.

అడిగావు కనక, దీంతో పాటు చికోరీ పిసరైనా తగలని పొడి పంపుతున్నాను. ఎలా ఉందో నిజం రాయి. నిజమంటే నీకు ప్రాణం కదా.

నీ చెల్లెలు


ప్రెస్సు మేడ మీద గది,
నెలాఖరు.

చెల్లాయికి,

నినాదం ఉద్యమ అవసరం. చిన్న అక్షరాలు చదవకపోవడం నా తప్పు కాదు, చిన్న అక్షరాలు ఉండటం వ్యవస్థ తప్పు. వ్యవస్థ అంటే నువ్వు. ఈ విషయం ఇంతటితో వదిలేద్దాం.

పొడి అందింది. అద్భుతం! ఏమి నిజాయితీ, ఏమి తేట! కప్పు అడుగున ఉన్న పువ్వుబొమ్మ, కాఫీ నిండుగా ఉండగానే కనిపిస్తోంది. పుల్లగా ఉందని మీ వదిన సణుగుతోంది. అది గింజ సహజగుణం, దాన్ని అందుకోవడానికి నాలుకకి కాస్త చదువుండాలి అని చెప్పాను. మీ వదిన నాలుక చదువు మానేసింది. పొద్దున్నే వేడినీళ్లు తాగుతోంది, ఆరోగ్యం కోసమట.

శాస్త్రీయ దృష్టితో ఒకటి రెండు సందేహాలు. ఇదివరకు ఫిల్టరులో డికాక్షను బొట్టు బొట్టుగా, పెళ్లికూతురు నడిచినట్టు దిగేది. ఇప్పుడు నీళ్లు పోస్తే కుళాయి విప్పినట్టు దడదడా దిగిపోతోంది. ఇది మామూలేనా? పొడి రెండింతలు వెయ్యాలా? వేశాను. అయినా పాలు పొయ్యగానే రంగు మొహం చాటేస్తోంది. నాకు నచ్చలేదని కాదు. మనసుపెట్టి తాగుతున్నాను. కళ్లు మూసుకుని తాగుతున్నాను, ఏకాగ్రత కోసం.

కరపత్రానికి ఊహించనంత స్పందన. మళ్లీ అచ్చేశాను. ఈసారి కింద, 'శ్రమజీవులారా, మోసం మీద పోరుకి ఏకం కండి' అని కూడా చేర్చాను. మీ ఊళ్లో గోడగోడకీ అంటించారట కదా. నీ వ్యాపారం ఎలా ఉంది? జనం మేలుకున్నారా?

నీ అన్నయ్య


కొట్టు వెనక గది,
బుధవారం.

అన్నయ్యకి,

మేలుకున్నారు. నా నిద్ర పోయింది.

మన గుమ్మానికి అటొకటి ఇటొకటి నీ కరపత్రాలు అంటించారు, ద్వారపాలకుల్లా. వచ్చినవాళ్లంతా "అసలుది ఇవ్వండి, మట్టి కలపనిది" అంటున్నారు. కారుల్లో వచ్చేవాళ్లు కొనుక్కెళ్తున్నారు. తోపుడుబండ్లవాళ్లు, కుట్టుపనివాళ్లు ధర విని, సగం పొట్లం పట్టుకుపోతున్నారు. మర్నాడు వచ్చి, "అమ్మా, పొడి మర్చిపోయి నీళ్లే కాచినట్టుంది" అంటున్నారు. "పాతది ఇవ్వనా" అంటే, గోడ మీది కాగితం చూసి భయపడుతున్నారు. వాళ్ల కళ్లు తెరిచావు, నోరు కట్టేశావు. మీ బావకి మాత్రం పండగే. ఇస్త్రీ చొక్కా వేసుకుని డ్రమ్ము తిప్పుతున్నారు, వచ్చినవాళ్లకి స్వచ్ఛత మీద ఉపన్యాసం ఇస్తున్నారు. మీ ఇద్దరికీ వియ్యం కుదిరినట్టుంది.

ఇంక నవ్వు రాని సంగతి. చికోరీ అడిగేవాళ్లు లేక వెనక షెడ్డు మూశాను. పొగక్కకి, మిగతా ముగ్గురికి పని లేదని చెప్పాను. మొదట నీళ్లు నమిలాను. పొగక్కే, "ఆ నీళ్లు మింగి మాట చెప్పు అమ్మాయ్" అంది. చెప్పాను. "ఎవరు మాన్పించారు?" అంది. నీ కరపత్రం చూపించాను. వాళ్లలో చిన్నావిడ చదివి వినిపించింది. అంతా విని పొగక్క, "మట్టా? పెద్దబ్బాయి చిన్నప్పుడు కప్పు అడుగు నాకేవాడే, మట్టి అని తెలిసే నాకాడా?" అంది.

తర్వాత ఏమైందంటావా? నువ్వు కింద చేర్చిన ఆఖరి ముక్క కూడా చదివింది చిన్నావిడ. ఏకం కండి అని. అయ్యారు. మర్నాడు పొద్దున్నుంచి నలుగురూ వెనక గుమ్మం మెట్ల మీద కూర్చున్నారు. గింజల బస్తాలు దిగేది ఆ గుమ్మంలోంచే. బస్తా కదలడం లేదు. మీ బావ వెళ్లి, "ఏంటక్కా ఇది, దారిలో" అంటే, "మాకు కోరికలున్నాయి బాబూ, కాగితం మీద పెట్టేవాడు కావాలి. పొట్టకొట్టిన కాగితం రాసినాయనే ఆకలి కాగితం కూడా రాస్తాడు, పిలిపించు" అంది. అక్కడ నిన్ను కరపత్రంబాబు అంటున్నారు. గర్వపడకు.

మళ్లీ వాళ్లకి ఇంకెక్కడా పని దొరకదు. జీవితమంతా ఆ పొగలో ఉన్నవాళ్లు. ముందు పనివాళ్లతో సమానంగా కూలీ కూడా ఎప్పుడూ లేదు, దాచుకున్నదేమీ ఉండదు. నాకేం చెయ్యాలో తోచడం లేదు. నువ్వే చెప్పు.

ఇంకోటి. వదిన ఫోను చేసింది. సాయంత్రం కాగానే చెప్పులు చేత్తో పట్టుకుని వెనక మెట్లు దిగి, బస్టాండు క్యాంటీనుకి వెళ్తున్నావట కదా. అక్కడి కాఫీలో సగానికి సగం చికోరీ. వాళ్లకి పొడి పంపేది నేనే, మిగిలిన పాత నిల్వలోంచి.

నీ చెల్లెలు


ప్రెస్సు, కింది గది,
ఉత్తరం అందిన రోజే.

చెల్లాయికి,

క్యాంటీనుకి వెళ్తున్నది పరిశీలనకి. శత్రువుని తెలుసుకోకుండా యుద్ధం చెయ్యలేం. రోజూ ఎందుకంటే శత్రువు రోజూ అక్కడే ఉంటాడు కనక. రెండో కప్పు నిర్ధారణ కోసం. చెప్పులు చేత్తో పట్టుకున్నది అవి కిర్రుమంటాయి కనక. మీ వదిన ఉద్యమద్రోహి అని రుజువైంది.

అది పక్కన పెట్టు. ఉత్తరం చివర్లో ఏదో గింజల్లో రాయిలాగా ఒక మాట జారవిడిచావు. 'ముందు పనివాళ్లతో సమానంగా కూలీ కూడా ఎప్పుడూ లేదు.' మళ్లీ చదివాను. భూతద్దం పెట్టి చదివాను. ఏమిటీ మాట? ఒకే కొట్టు, ఒకే నిప్పు, ఒకే రకం డ్రమ్ము. ముందు తిప్పిన చేతికి ఒక కూలీ, వెనక తిప్పిన చేతికి ఒక కూలీయా? ముందున్నది మగచెయ్యి, వెనకున్నది ఆడచెయ్యి, అందుకా? ముందు వాసనొస్తుంది, వెనక పొగొస్తుంది, అందుకా? ఈ మాట ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం?

పొట్టకొట్టింది నా కరపత్రమట! కరపత్రానికి చేతుల్లేవు. షెడ్డుకి తాళం వేసిన చెయ్యి నీది. నీళ్లు నమలడం కాదు, సమాధానం చెప్పు. మండిపోతోంది నాకు.

నీ అన్నయ్య

తా.క. ఆవిడ నిజంగా ఆకలి కాగితం అందా? తిండి తింటున్నారా వాళ్లు?


కొట్టు, గల్లాపెట్టె దగ్గర,
మంగళవారం.

అన్నయ్యకి,

తింటున్నారు. నేనే వండి పెడుతున్నాను. నా గుమ్మం మీద కూర్చుని నా మీద పోరాడేవాళ్లకి నా వంట. ఉప్పు తగ్గిందని వంక కూడా పెడుతున్నారు.

చెప్పలేదేం అన్నావు. నువ్వు అడగలేదు. నెల నెలా పొట్లం రాగానే కత్తిరించి వాసన చూశావు గానీ, అది ఎవరి చేతి మీదుగా వచ్చిందని ఏనాడన్నా అడిగావా? కూలీల మీద నువ్వు అచ్చేసిన కాగితాలు పేర్చితే ఇల్లు కట్టొచ్చు. సొంత కొట్టు వెనక గోడ దగ్గర మాత్రం నీ అక్షరాలు అయిపోయాయి. సరే, తిలాపాపం తలా పిడికెడు. నాన్న అలా ఇచ్చేవాడు, నేనూ అలాగే ఇచ్చాను. నీ ఉత్తరం చదివాక మొదటిసారి దాని గురించి ఆలోచించాను. ఆలోచించాక నీ మీద కోపం ఇంకా ఎక్కువైంది, నువ్వన్నది నిజం కనక.

కానీ నిజంతో షెడ్డు తెరుచుకోదు. కొనేవాళ్లు రావాలి. మీ బావ వెనక డ్రమ్ముకి బేరం పెట్టేశారు. శుక్రవారం పాతసామాన్లవాడు వస్తాడు. అది పోయిందా, ఇంక వాళ్ల పని ఎప్పటికీ పోయినట్టే.

నా వైపు నుంచి ఒక్కటే అడుగుతున్నాను. ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టు. 'పాత పొడి లేకుండా నేను ఉండలేకపోతున్నాను.' అంతే. నీ కరపత్రం పక్కన గుమ్మానికి అంటిస్తాను. నీ మాట నమ్మి మానేసినవాళ్లు నీ మాట నమ్మే మళ్లీ తాగుతారు. కూలీ సంగతి ఆ తర్వాత కూర్చుని తేల్చుకుందాం. ఇస్తాను.

రాస్తావా? నీకు తెలుసు, నాకూ తెలుసు, వదినకి తెలుసు, బస్టాండుకి తెలుసు. నువ్వు పట్టిన కుందేలుకి నాలుగో కాలు ఉందని ఒప్పుకోవడానికి అంత కష్టమా?

నీ చెల్లెలు


నీ కొట్టు వెనక గుమ్మం, రెండో మెట్టు,
శుక్రవారం పొద్దున.

చెల్లాయికి,

నువ్వు లోపల గల్లాపెట్టె దగ్గర ఉన్నావని తెలుసు. నేను బయట ఉన్నాను. ఈ ఉత్తరం మా బావ చేత లోపలికి పంపుతున్నాను. ఆయన ఇస్త్రీ చొక్కా మీద మసి నేను పూసింది కాదు, గుమ్మంలో ఆయనే మమ్మల్ని తోసుకుని రాబోయి పూసుకున్నాడు.

పాతసామాన్లవాడు వచ్చి వెళ్లాడు. మెట్ల మీద ఐదుగురం కూర్చున్నాం. "డ్రమ్ము చూసుకుంటా, జరగండి" అన్నాడు. నేను శ్రమ విలువ గురించి మొదలుపెట్టాను. మొదటి అంశం పూర్తికాకముందే వెళ్లిపోయాడు. "ఇన్నాళ్లకి నీ నోరు ఒక పనికొచ్చింది పెద్దబ్బాయ్" అంది పొగక్క.

నేను రాగానే ఆవిడ పలకరించిన తీరు విను. "వచ్చావా కరపత్రంబాబూ. మట్టి తింటావా?" అంది. అక్కడే ఇటుకలు పేర్చి పొయ్యి పెట్టింది. మూకుడులో చికోరీ ముక్కలు పోసి గరిటె నా చేతికిచ్చింది. తిప్పాను. పొగ! కళ్లలో, ముక్కులో, మాటల్లో పొగ. ముక్కలు కరిగిన చక్కెరలా గరిటెకి అంటుకుంటున్నాయి. "ఆపకు, ఆపితే ముద్దయిపోతుంది" అంటుంది చిన్నావిడ. "ఆగకు, మాట్లాడుతూ తిప్పు, నీకు అలవాటేగా" అంటుంది ఇంకొకావిడ. కాసేపటికి భుజం పడిపోయింది. "దీనికి పొగగొట్టం లేదా?" అని అడిగాను. నలుగురూ ఒకేసారి నవ్వారు. సభలో నవ్విన నవ్వుకంటే అది ఎక్కువ తగిలింది.

తర్వాత వాళ్లే కాచి ఒక కప్పు ఇచ్చారు. తాగాను. ఎలా ఉందో చెప్పను. కప్పు అడుగున పువ్వుబొమ్మ ఉంటే, అది కప్పు ఖాళీ అయ్యాకే కనబడింది. ఇంకో కప్పు కూడా ఇచ్చారు. అడిగితేనే ఇచ్చారు.

ఇప్పుడు విను. నువ్వడిగిన వాక్యం నేను రాయను. నా జన్మలో సంజాయిషీలు రాయలేదు, డిమాండ్లు రాశాను. చికోరీ కల్తీ కాదు. కలిపినదాన్ని చీమకాళ్లంత అక్షరాల్లో దాచడం కల్తీ. వేయించే మనుషుల్ని గోడ వెనక దాచడం కల్తీ. మొత్తం ఊరి నాలుకకి అలవాటైన రుచి చేసిపెట్టినవాళ్లకి తక్కువ కూలీ ఇచ్చి, ముందు వసారాలో సువాసన అమ్ముకోవడం అసలైన కల్తీ. ఈ కల్తీని ఏ గ్లాసు నీళ్లలో చల్లినా తేలదు. కనిపెట్టాలంటే ఈ మెట్ల మీద కూర్చోవాలి.

వాళ్లు చెప్పారు, నేను రాశాను. ఏడోది నా మీద పెట్టింది పొగక్క. వాదించాను, ఓడిపోయాను. ఎనిమిదోది నేను సొంతంగా చేర్చాను. మిగతావాళ్లు చర్చ లేకుండా ఆమోదించారు.

మా డిమాండ్లు:

1. వెనక షెడ్డు ఇవాళే తెరవాలి. డ్రమ్ము అమ్మరాదు.

2. ముందు వేయించేవాళ్లకి ఎంత కూలీయో, వెనక వేయించేవాళ్లకీ అంతే.

3. షెడ్డుకి పొగగొట్టం పెట్టాలి. పొగ పోయాక పొగక్కని ఏమని పిలవాలో ఆవిడే చెప్తుంది.

4. వారంలో ఒకరోజు చికోరీని వీధివైపు, జనం చూస్తుండగా వేయించాలి. ఆ రోజు బావ వెనక కూర్చోవాలి.

5. 'కాఫీ, చికోరీ మిశ్రమం' అన్న మాట, ఏది ఎంతో, పొట్లం ముందువైపు బొటనవేలంత అక్షరాల్లో ఉండాలి. 'కొనేవాడా, కళ్లు తెరువు!' తీసెయ్యాలి. కొత్త అచ్చు భారం ప్రెస్సుదే.

6. చికోరీ లేనిది కావాలన్నవాళ్లకి అదీ అమ్మాలి. వాళ్లని వెక్కిరించరాదు.

7. మట్టి అని రాసినవాడు, మట్టి కాదని మళ్లీ రాసి, అవే గోడల మీద, అంతే పెద్ద అక్షరాల్లో, తన చేత్తో అంటించాలి.

8. మా ఇంటికి నెల నెలా వచ్చే పొట్లంలో పాత పొడే పంపాలి. కారణం అడగరాదు.